వెనక ఎడమవైపు

డెబ్భై నాలుగు ఫిబ్రవరి.
గ్రోనింగెన్‌కి ఉత్తరాన, సముద్రపు కట్ట పక్కన ఇటుక చర్చి.
వేళ్ళు కత్తిరించిన ఉన్ని గ్లౌజులతో
ఆఫ్కె ఆర్గన్ ముందు కూర్చుంది.
నాలుగు మైకులు: రెండు ఆమెకెదురుగా,
రెండు వెనక, జనం తలల మీద.
నాకు ఇరవై రెండేళ్ళు.
గాలికి తలుపు కొట్టుకున్నప్పుడల్లా
ఒక మైకు స్తంభం ఊగకుండా పట్టుకోవడం నా పని.

మూడో భాగంలో, అన్ని గొట్టాలూ మూగబోయి
ఒక్కటి మాత్రం సన్నగా ఊపిరి వదులుతున్న చోట
వెనక ఎడమవైపు
ఎవరో దగ్గారు.
ఒక్కసారే.
ఆపుకుందామని చూసి, ఆపుకోలేక.

ఇరవై ఎనిమిదేళ్ళకి ఆ టేపులు నా దగ్గరికే వచ్చాయి.
జిగురు కారి ఒకదానికొకటి అంటుకుపోతే
పక్కింటివాళ్ళ కోడిగుడ్లు పొదిగే పెట్టెలో
ఎనిమిది గంటలు వెచ్చబెట్టాను.
అప్పటికి ఇద్దరు బయల్దేరారు,
చెవికి స్వర్గం చూపిస్తామని.

ఒకరిది సూపర్ ఆడియో సీడీ:
సెకనుకి ఇరవై ఎనిమిది లక్షల సార్లు
అవునా, కాదా అని మాత్రమే అడుగుతుంది.
ఇంకొకరిది డీవీడీ ఆడియో:
సెకనుకి తొంభై ఆరు వేల సార్లే,
అడిగిన ప్రతిసారీ ఇరవై నాలుగు గళ్ళు నింపి మరీ రాసుకుంటుంది.
ఎవరి మనిషి వచ్చినా ఒకటే మాట,
"మాదాని పక్కన అవతలిది పాత రేడియో."

నేను రెండిటికీ పనిచేశాను.
అద్దె కట్టాలి కదా.

మొదటివాళ్ళ ఓనో కోటైనా విప్పకుండా విన్నాడు.
"ఆ దగ్గు తీసెయ్" అన్నాడు.
రెండు రాత్రులు కూర్చుని తీసేశాను,
చీరలో ముల్లు తీసినట్టు, పోగు తెగకుండా.
రెండోవాళ్ళ వీబ్కె
వెనక పెట్టెల దాకా వినలేదు, రైలు టైమైపోయింది.
కాబట్టి అందులో ఉండిపోయింది.

షాపులో రెండూ పక్కపక్కనే నిలబడ్డాయి,
మాట్లాడుకోని తోడికోడళ్ళలా.
ఒకదాని ప్లేయర్‌లో రెండోది నోరు విప్పదు.
ఒకదానికి పాట మొదలవ్వాలంటే టీవీ వెలిగించాలి.
మా వీధిలో సీబ్రెన్ ఆరు తీగలు లాగాడు, గదికి అడ్డంగా.
హిల్యె మూడోసారి తట్టుకుని పడ్డాక
వెనక పెట్టెలు రెండూ కిటికీ కిందకి నడిచి
పూలకుండీలకి పీటలయ్యాయి.

పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చింది.
ఆ పిల్లి బొటనవేలంత.
జేబులో పడుతుంది, రెండు చెవుల్లో దూరుతుంది,
ముందూ వెనకా అనేది దానికి తెలియనే తెలియదు.
మా డిస్కులు మూడు వందలు కూడా పోలేదు.

తర్వాత ఉత్తరాలు వచ్చాయి.
డెల్ఫ్‌జైల్ నుంచి ఒక ఓడల పైలట్:
"ఆ చలికాలమంతా నాకు రొమ్ము పడిశం. ఆ దగ్గు నాదే."
ఆసెన్ నుంచి ఒకావిడ:
"మా అమ్మది. వెయ్యిమందిలో అయినా పోల్చగలను."
మూడోదానికి చిరునామా సగమే ఉంది:
"క్షమించండి. ముప్పై ఏళ్ళుగా చెప్పాలనుకుంటున్నాను."

ముగ్గురికీ జవాబు రాశాను.
అవును, మీదే.
అవును, మీ అమ్మగారిదే.
అవును, ఫరవాలేదు.

మొన్న ఒక కుర్రాడు వచ్చాడు,
పాత డిస్కులు పోగేసే పిచ్చివాడు.
రెండూ చేతుల్లో పట్టుకుని, ఏది మంచిదని అడిగాడు.
అవునూ కాదుల సంగతి, గళ్ళ సంగతి
ఒక గంట చెప్పగలను. చెప్పలేదు.
"దగ్గు ఉన్నది తీసుకో" అన్నాను.
వాడు నవ్వాడు, జోకనుకుని.

నా ప్లేయర్ సొరుగు ఇప్పుడు దానంతట తెరుచుకోదు,
గుండుసూదితో పొడవాలి.
లేజరు ముసలిదైంది,
మూడో భాగం దగ్గర ఒక్కోసారి తడబడుతుంది.
అది పుంజుకునేదాకా
కుర్చీ తిప్పుకుని కూర్చుంటాను,
ఆఫ్కెకి వీపు పెట్టి, వెనక ఎడమవైపు చూస్తూ.

ఆ రాత్రి నువ్వు పట్టుకున్నది ఏ స్తంభమని
ఇంతవరకు ఎవరూ అడగలేదు.